పెట్టెలో తుమ్మెద

మొన్న వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం భోంచేసి కునుకు తీయబోతుంటే రాజాం నుంచి మా సూర్నారాయణ బావ ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలేమీ లేవు. "ఒరే, తుమ్మెద మళ్ళా వచ్చీసినాదిరా" అన్నాడు. ఆ గొంతు వింటే ఎవరైనా ఇంట్లో ఎవరికో జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. నాకు మాత్రం సంగతి వెంటనే తెలిసిపోయింది. బావ కుర్రతనంలో పాత రేడియోల వాల్వులు పోగేసి, సొంత చేతులతో ఒక గిటారు ఆంప్లిఫయర్ తయారుచేసుకున్నాడు. గిటారు వాయించినా వాయించకపోయినా, స్విచ్చి వేసిన దగ్గర్నుంచి అందులోంచి గుయ్యిమని ఒకటే మూలుగు వచ్చేది. దానికి తుమ్మెద అని పేరు పెట్టింది బావ తల్లి పైడమ్మత్త. మా నాన్నకి అక్క. ఆ అత్త కిందటి దీపావళి వెళ్ళాక పోయింది. నిండు వయసు, పోయే ముందు రోజు దాకా కూరలో ఉప్పు చాల్లేదని కోడలికి చెబుతూనే ఉందట.

"అన్నీ మార్సీసినానురా. కండెన్సర్లు మార్సినాను, వాల్వులు మార్సినాను. ఆన్‌లైన్లో తెప్పించి మరీ మార్సినాను. ఐనా పోనంటన్నాది. నువ్వొకపాలి రా" అన్నాడు. నేను విజయనగరంలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫ్యూజు పోతే పక్కింటి వాళ్ళని పిలుచుకునేవాణ్ణి. "నానొచ్చి ఏటి సేస్తాను బావా?" అన్నాను. బావతో మాట్లాడితే చాలు, ఇన్నేళ్ళు బళ్ళో దిద్దిన భాషంతా ఎటో పోయి ఇంటి భాష నోట్లోకొచ్చేస్తుంది. "అప్పుడు మాత్రం ఏటి సేసినావు? పక్కన కూకున్నావు. ఇప్పుడూ వచ్చి కూకో" అన్నాడు. సంచీలో ఒక జత బట్టలు పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఆ రోజులే.

రాజాంలో కాలేజీ చదువుకని నన్ను అత్త వాళ్ళింట్లో పెట్టారు. సన్నాసినాయుడు మావయ్య ధాన్యం వ్యాపారి. వీధి గదినిండా గోనె బస్తాలు. వాటి ధూళి ముక్కులోకి పోయి, ఇంటికొచ్చిన ప్రతివాడూ కూర్చోకముందే తుమ్మేవాడు. తుమ్మనివాడు పాత చుట్టం కింద లెక్క. వీధి వైపంతా అలా మావయ్య వాసనైతే, పెరటి వైపంతా అత్త వాసన. చోళ్ళు, అంటే రాగుల అంబలి కాగే వాసన, పిడకల పొగ, వాటన్నిటి మీదా ఎండుచేపలు. భావనపాడు నుంచి నూకాలమ్మ అని ఒకావిడ సంతకి ఉప్పుచేపలూ ఎండు నెత్తళ్ళూ తట్టతో తెచ్చేది. ముందు మా పెరట్లోకొచ్చి, అత్త కావలసినవి ఏరుకున్నాకే సంతలోకి వెళ్ళేది. ఇద్దరూ బేరం పేరుతో పొద్దెక్కేదాకా ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ మాట్లాడుకునేవారు.

అత్తకి చేపల్లో పెద్ద నియమం ఉండేది. సోమవారం శివుడిది, శనివారం సింహాచలం అప్పన్నబాబుది. ఆ రెండు రోజులూ చేప అన్న మాట కూడా గడప దాటి లోపలికి రాకూడదు. మిగతా రోజుల్లో ఉప్పుచేపలు గిన్నెలో నానబెట్టి, మూడు నీళ్ళు మార్చి కడిగేది. ఆ కడుగు నీళ్ళు మొక్కలకి పోస్తే చచ్చిపోతాయి, వీధి కాలవలో పోస్తే మావయ్య దగ్గరికొచ్చిన రైతులు ముక్కు మూసుకుంటారు. అందుకని వంటింటి వెనక గోడ మూల ఏ మొక్కా మొలవని చోట పోసేది. అక్కడ నేలలోంచి తుప్పుపట్టిన ఇనప గొట్టం ఒకటి జానెడు పైకి పొడుచుకుని ఉండేది. గిన్నె అడుగున అంటుకున్న పొలుసులు రాలడానికి గిన్నెని ఆ గొట్టానికేసి ఠంగుమని కొట్టేది. ఆ చప్పుడు వినిపిస్తే ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినొచ్చని నాకు గుర్తు.

బావకి బజార్లో చిన్న రేడియో రిపేరు కొట్టు ఉండేది. మావయ్య దృష్టిలో అది కొట్టు కాదు, ఎండ పడకుండా కూర్చునే చోటు. గరివిడి ఫ్యాక్టరీ క్వార్టర్సు నుంచి బదిలీ మీద పోతున్న ఇంజినీరు ఒకాయన తన రేడియో బాగుచేసినందుకు సంతోషించి, సామాన్లలో పట్టని గిటారుని బావ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి బావ మనిషి కాడు. దానికి తగ్గ ఆంప్లిఫయర్ తనే కట్టుకున్నాడు. పనస చెక్కతో పెట్టె, మూతబడిన డేరా సినిమా వాళ్ళ స్పీకరు, లోపల నాలుగు వాల్వులు. స్విచ్చి వెయ్యగానే వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే, పొయ్యిలో నిప్పు రాజుకుంటున్నట్టు మేమిద్దరం వంగి చూసేవాళ్ళం. అవి బాగా వేడెక్కగానే తుమ్మెద మొదలయ్యేది. బావ ఎలా వాయించేవాడని ఇప్పుడడిగితే సరిగ్గా చెప్పలేను. ఆ రొదని దాటుకుని మా చెవి దాకా వచ్చిన పాట చాలా తక్కువ.

అంతవరకూ అది మా ఇంటి గొడవే. కానీ మావయ్య మా వీధికి పెద్ద. అమ్మవారి సంబరానికి వీధి పందిరి మా ఇంటి ముందే వేసేవారు, కరెంటు మా ఇంట్లోంచే ఇచ్చేవారు. ఒక ఏడు సంబరంలో బావ మోజుపడి పెట్టెని పందిట్లో పెట్టాడు. పూజారి మంత్రం మొదలుపెట్టగానే తుమ్మెద కూడా మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవడో "నాయుడుబావ్, మీ ఇంట్లో పిండిమర ఎట్టినారేటి?" అని అరిచాడు. పందిరంతా ఒకటే నవ్వు. ఆ తరవాత ధాన్యం తూయించడానికి వచ్చినవాళ్ళు కూడా "చోళ్ళు పట్టిస్తారా?" అని అడగడం మొదలుపెట్టారు. మావయ్య చాలా కాలం ఓర్చుకున్నాడు. మళ్ళీ సంబరం దగ్గర పడుతుండగా ఒకనాడు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. "సూర్నారాయణా, ఈ ఏడు పందిట్లో నీ పెట్టి మూలగనంటే వాయించు. మూలిగినాదా, ఆ గిటారు బేండుమేళం వోడికిచ్చీసి, నువ్వు గరివిడి ఫ్యాక్టరీలో జేరిపో. అక్కడ కొలిమి కాడ ఎంత రొదైనా అడిగీవోడుండడు." బావ ముద్ద అలాగే చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. నాకు కూడా ఆ పూట అన్నం సయించలేదు.

ఇక చూడండి, మా ఇల్లు ఆసుపత్రైపోయింది. బావ ఒక్కో వాల్వూ పీకి చూశాడు. చివరిది పీకితే మూలుగు పోయింది, దానితోబాటు గిటారూ పోయింది. అది వైద్యం కాదన్నాడు. మొదటిది పీకినా మూలుగు పోయింది. అంటే జబ్బు గుమ్మం దగ్గరే లోపలికొస్తోందని తేల్చాడు. పెద్ద కండెన్సరు ఎండిపోయిందేమోనని కొత్తది వేశాడు. ట్రాన్స్‌ఫార్మరు పక్కవాటాన ఉంటే మంచిదని తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. వాల్వులు వెలిగించే తీగలు రెండూ ఒకదానికొకటి పెనవేసి ఉండాలట, కూర్చుని జడలా అల్లాడు. అత్త అది చూసి, "గుంటడివై పుట్టినావు గాని, ఎంత సక్కగా అల్లినావురా, నాకూ ఓ జడెయ్యి" అంది. గిటారు తీగ లోపలికొచ్చే చోట రేకు కప్పాలని, అత్త జంతికలు దాచుకునే బిస్కట్ల డబ్బా కత్తిరించాడు. జంతికలు గాలికి మెత్తబడిపోయాయి. మావయ్య ఒకటి కొరికి, "ఇవేటివి, తడిసిన తాళ్ళలాగున్నాయి?" అన్నాడు. కారణం తెలిసిన మేమిద్దరం చెరొకటి నోట్లో వేసుకున్నాం.

నా ఉద్యోగం ఏమిటంటే పెట్టె ముందు కూర్చుని మూలుగు పెరిగితే వేలు పైకి, తగ్గితే వేలు కిందికి చూపించడం. కాలేజీలో నాకు మార్కులెందుకు రాలేదని నాన్న తరవాత అడిగితే ఈ సంగతి చెప్పలేకపోయాను. అందులో ఒక్కటే చిత్రం కనిపెట్టాం. గిటారు తీగల మీద అరచెయ్యి ఆనిస్తే రొద సగానికి తగ్గేది, తీస్తే మళ్ళీ పెరిగేది. అత్త అది చూసి, "సంటిగుంటడిలాగ జోకొడితేగాని ఊరుకోదు గావాల" అంది.

అన్నిటికన్నా పెద్ద చిత్రం ఇంకోటి. కొన్ని రోజులు తుమ్మెద అసలు వచ్చేది కాదు. ఆదివారం మధ్యాహ్నం పెట్టె పెడితే బుద్ధిమంతుడిలా ఉండేది. అదే శనివారం పెడితే ఇల్లెగిరిపోయేది. అత్త మాత్రం ఇది తన ఘనతేనంది. ఆదివారం పొద్దున్నే ఉప్పూ మిరపకాయలూ పెట్టె చుట్టూ తిప్పి దిష్టి తీస్తోందట. సరే అని శనివారం కూడా తీయించాడు బావ. మిరపకాయల ఘాటుకి మావయ్య దగ్గి దగ్గి వీధిలోకి పోయాడు గానీ తుమ్మెద కదల్లేదు. బావ రెండు వారాలు అదే ఆలోచన. మూడోవారం అన్నం తింటూ తింటూ కంచంలోకి చూసి ఆగిపోయాడు. కంచంలో ఉప్పుచేప పులుసు. పెట్టె నిశ్శబ్దంగా ఉంది. "ఒరే, సేపలొండిన రోజు మూలగట్లేదురా" అన్నాడు. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే నిజమే. సోమవారం మూలుగు, శనివారం మూలుగు, చేపలున్న రోజు నిశ్శబ్దం. అప్పుడే మా ఇద్దరికీ ఇంకో సంగతి గుర్తొచ్చి నీరుగారిపోయాం. ఆ ఏడు సంబరం శనివారం పడింది.

బావ ధైర్యం చేసి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, సంబరం రోజు సేపలొండాల" అన్నాడు. అత్త చేతిలో తెడ్డు పొయ్యిలో పడింది. "ఓలమ్మో! శనోరం నాడా? అప్పన్నబాబు ముందు తలెలగెత్తుకోమంటావురా? నీ పెట్టి కోసం నాను నరకానికి పోవాలేటి?" అని ఏడుపు మొదలుపెట్టింది. బావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "తినొద్దమ్మా, ఒట్టినే ఒండు. ఆ వాసన సాలు." అత్త మూడు పూటలు బావతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేటప్పుడు నాతో, "ఆడికి పప్పు కావాలేమో అడుగు" అనేది. బావ నా పక్కనే ఉండి, "సాలని సెప్పు" అనేవాడు.

వండటం కుదరదు గనక బావ సూటి మార్గం పట్టాడు. వాసనే మందైతే ఆ మందు పెట్టెలోనే వేస్తే సరిపోతుందని, మూరెడు ఉప్పుచేపని దారంతో కట్టి పనస పెట్టె లోపల వేలాడదీశాడు. రేడియో శాస్త్రం అంతా చదివినవాడు చెయ్యవలసిన పనేనా అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు నేనే దారం పట్టుకున్నాను. స్విచ్చి వేశాం. వాల్వులు వేడెక్కాయి, వాటి వేడికి చేపా వేడెక్కింది. ఆ వాసన పెరట్లో పడుకున్న గండుపిల్లికి అందింది. అది ఎక్కణ్ణుంచి దూకిందో తెలీదు, వెనక చెక్క లేని పెట్టెలోకి తల దూర్చి చేపని పట్టుకుని లాగింది. చేప రాలేదు, పెట్టె కదిలింది. స్పీకరు కాగితం చర్రున చిరిగింది. తుమ్మెద, పిల్లి, బావ ముగ్గురూ ఒకే శ్రుతిలో అరిచారు. మావయ్య వీధి గదిలోంచి, "పిండిమరకి పిల్లిని కూడా ఎట్టినావేటిరా?" అని కేకేశాడు. స్పీకరుకి గంజిలో ముంచిన కాగితం అతికించి ఎండలో పెట్టాం. బావ పెరటి గట్టు మీద కూర్చుని, "ఇక అయిపోయినాదిరా, గరివిడే" అన్నాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు చూశాను. నాకూ ఏడుపొచ్చింది.

దారి దొరికింది ఆదివారం పొద్దున. సంబరానికి ఇంకా వారం కూడా లేదు. అతుకు ఆరిందో లేదో చూద్దామని బావ పెట్టె పెట్టాడు. తుమ్మెద జోరుగా ఉంది. వంట ఇంకా మొదలవలేదు. అత్త పెరట్లో ఉప్పుచేపలు కడుగుతోంది. నేను వేలు పైకెత్తుకుని కూర్చున్నాను. పెరట్లోంచి ఠంగుమని గిన్నె గొట్టానికేసి కొట్టిన చప్పుడు. కాస్సేపటికి మూలుగు సన్నబడింది. ఇంకా సన్నబడింది. నా వేలు దానంతటదే కిందికి దిగిపోయింది. బావ నా వేలు వంకా, పెరటి వంకా చూసి, లేచి పరిగెత్తాడు. "అమ్మా, ఇప్పుడేటి సేసినావు?" అత్త బెదిరిపోయి, "నానేటీ సెయ్యలేదురా, నీల్లు పారబోసినాను" అంది. బావ ఆ తడినేల ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఇనప గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. అత్త నా వైపు చూసి, "పిల్లి కరిసిందేటిరా ఈడ్ని?" అంది.

ఆ గొట్టం మా ఇంటి కరెంటుకి ఎర్తు. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి గొట్టం పాతి, తడి ఆరకుండా నీళ్ళు పొయ్యమని చెప్పి వెళ్ళాడు కరెంటు పనివాడు. ఎవరూ పొయ్యలేదు. నేల ఎండిపోతే ఎర్తు ఉండీ లేనట్టే. పెట్టెలో చేరిన రొద భూమిలోకి పోయే దారి లేక స్పీకరులోంచి బయటికొస్తోంది. అత్త ఉప్పుచేపల నీళ్ళు పోసిన రోజు నేల తడిసి దారి తెరుచుకుంటోంది. సోమవారం, శనివారం చేపలు లేవు, నీళ్ళు లేవు, దారి లేదు. అందుకే ఒక మనిషి చెయ్యి ఆనించినా ఆ ఒంట్లోంచి దారి దొరికి రొద కాస్త తగ్గేది. బావ తన కొట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ "ఎర్తుకి నీళ్ళు పోస్తన్నారా?" అని అడిగేవాడు, సొంత ఇంట్లో మాత్రం చేపలు వెతికాడు.

సంబరం శనివారం పొద్దున అత్త స్నానం చేసి, తడిజుట్టుతోనే కళ్ళుప్పు కలిపిన బిందె తెచ్చింది. "ఇందులో సేపల్లేవు కదా?" అని బావని రెండుసార్లు అడిగి, బిందెడూ గొట్టం మొదట్లో పోసి, పైన చిటికెడు పసుపు కూడా వేసి దండం పెట్టింది. సాయంత్రం పందిట్లో పెట్టె పెట్టారు. వాల్వులు వేడెక్కాయి. చప్పుడు లేదు. మావయ్య కండువా పిడికిట్లో పట్టుకుని కాస్సేపు చూసి, "కరెంటు పోయినాదేటిరా?" అన్నాడు. బావ గిటారు మీటాడు. పందిరి చివర కూర్చున్నవాడు కూడా తిరిగి చూశాడు. అమ్మవారి పాట వాయించాడు. రెండు చోట్ల తప్పాడు. కానీ ఆ తప్పులు కూడా శుభ్రంగా వినిపించాయి. మావయ్య కొడుకుని మెచ్చుకునే మనిషి కాడు. పక్కవాడితో, "పిండిమర కాదు, సూడు, గిటారు" అన్నాడు. ఆ తరవాత మా ఇంట్లో గరివిడి మాట ఎత్తినవాడు లేడు.

పండగ అయ్యాక బావ గొయ్యి మళ్ళీ తవ్వి, కొత్త బొగ్గూ ఉప్పూ కూరి, రాగి తీగ వేసి, "ఇక పర్మినెంటు" అన్నాడు. ఆయన జీవితంలో అన్నిటికన్నా గర్వపడిన పని అదే. కొట్టు పెద్దదయింది, బావకి పెళ్ళయింది, మైకు సెట్లూ టీవీలూ వచ్చాయి. ఆయన ఎవరికి ఏం చెప్పినా చివరికి తన ఎర్తు దగ్గరికొచ్చి ఆగేవాడు. "నాను ఏసిన ఎర్తు. అప్పట్నుంచీ ఒక్కరోజు మూలగలేదు" అనేవాడు. అత్త ఆ మాట వినిపించినప్పుడల్లా చేతిలో పని ఆపకుండా తలూపేది.

ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ ఇంటికి వెళ్తే వీధి గదిలో తుమ్ము రాలేదు. బస్తాల్లేవు, నేలంతా నున్నటి టైల్సు. వంటింట్లో సింకు, కడుగు నీళ్ళు గొట్టంలోంచి ఎటో పోతాయి. చేపలు ప్యాకెట్లలో ఫ్రిజ్‌లో ఉంటాయి, వాటికి వారం వర్జ్యం లేదు. సంబరానికి లారీ ఎత్తున డీజే బాక్సులు వస్తున్నాయి. వాటి ముందు వెయ్యి తుమ్మెదలు మూలిగినా ఎవడికీ వినపడదు. కానీ బావ అవేవీ పట్టించుకోకుండా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని పనస పెట్టె ముందు కూర్చున్నాడు. నేనూ కూర్చుని వేలు పైకెత్తాను. తుమ్మెద అదే గొంతు. నిజం చెప్పొద్దూ, చెవికి ఎంత హాయిగా ఉందో.

"ఎర్తు సూసినావా?" అన్నాను. బావకి కోపమొచ్చింది. "నాను ఏసిన ఎర్తురా అది. దానికేటవుద్ది?" అప్పుడే టీ తెచ్చిన బావ భార్య రమణమ్మ, గ్లాసులు కింద పెడుతూ, "ఎర్తంటే ఆ గొట్టమా? అత్త నీల్లు పోసీదే, అదేనా అన్నయ్యా?" అంది. ఇద్దరం తలెత్తాం. రోజూ పొద్దున్నే, బావ లేవకముందే, తులసి మొక్కకి నీళ్ళు పోసి, ఇంకో చెంబులో ఉప్పు కలుపుకుని వెళ్ళి ఆ గొట్టం మొదట్లో పోసేదట అత్త. రమణమ్మ కాపరానికొచ్చిన నాటినుంచీ అంతేనట. మోకాళ్ళు నొప్పెట్టాక గోడ పట్టుకుని వెళ్ళేదట. "ఎందుకత్తా అనడిగితే, సూర్నారాయణ గిటారికి దాహమే, అనీది. ముసల్ది ఏదో అంటాదిలే అనుకున్నాను. ఆడికి సెప్పకే, ఆడే బాగుసేసుకున్నాననుకుంటన్నాడు, అనుకోనీ అనీది."

పెట్టె మూలుగుతూనే ఉంది. టీ మీద మీగడ కట్టింది. "ఒక్కరోజు మూలగలేదురా" అన్నాడు బావ చివరికి. ఎప్పుడూ చెప్పే మాటే, కానీ ఈసారి చూపు పెరటి వైపుంది. స్విచ్చి ఆపేసి లేచి, పెరటి గుమ్మం దాకా వెళ్ళి, చెంబు తీసుకోకుండానే వెనక్కొచ్చేశాడు. ఆ పూట పెట్టె మళ్ళీ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మెలకువొచ్చి పెరట్లోకి వెళ్ళాను. తులసి మొదలు అప్పటికే తడిసి ఉంది. గోడ మూల, తుండు కట్టుకుని, తడితలతో బావ వంగి నిలబడి ఉన్నాడు. చేతిలో అత్త ఇత్తడి చెంబు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏటి సూస్తన్నావు? కాళ్ళు కడుక్కుందారని వచ్చినాను" అన్నాడు. అలాగే బావా అన్నాను. చెంబు అడుగున కళ్ళుప్పు ఇంకా కరగలేదు.